పాతర గోడ జొన్నలు

1957 డిసెంబర్ 8, ఆదివారం. ప్రొద్దుటూరు.

దేవుని కుండ జొన్నలు దొంగిలించినారు. దొంగిలించింది ఓబులరెడ్డి. మా ఊరి ఓబులరెడ్డే, ఇంకొకడు కాదు. ఈ మాట ముందుగా రాసి పెట్టుకుంటాండా. రేపు కోపం చల్లారితే ఇదే చెయ్యి 'రెడ్డిగారు' అని రాస్తుందేమో... చేతుల్ని నమ్మేదానికి లేదు.

మస్తాన్ మామ చెప్పినాడు. మిల్లు ముందర బండి ఇప్పి ఎద్దులకు నీళ్లు పెడతాంటే పలకరించినా. "మీ రెడ్డి పాతర తీసినాడ్రా రత్నం. నడిమి జొన్నలు నా బండికే ఎత్తినారు, పులివెందులకు. ఆడ ధర మండిపోతాంది. గోడ జొన్నలు మీ చర్చికంట!" — నవ్వినాడు. నా మొగం చూసి ఆపినాడు.

గోడ జొన్నలు. ఎనిమిది నెలలు భూమిలో పూడ్చి పెట్టిన పాతరలో మంటి గోడకు ఆనుకొని చెమ్మ పట్టినవి. నల్లగా, గడ్డలు గడ్డలుగా. మూత తీస్తానే ముక్కు మూసుకునే కంపు. గొడ్డుకు పెట్టాలన్నా రెండు నీళ్లు కడిగి పెడతారు.

ఆ పాతరలో ఉండేవి రెడ్డి జొన్నలే అయితే నాకేం! వాని గుంత, వాని ఇష్టం. మా పల్లె ఆడోళ్లవి ఉండాయి దాంట్లో. కల్లాల దినాల్లో కూలికి కొలిచిన జొన్నలు. ఎసట్లో పోసే ముందర ప్రతి ఇల్లాలూ పిడికెడు తీసి దేవుని కుండలో వేసింది. ఇల్లిల్లూ తిరిగి ఆ కుండలు ఎత్తింది మా అమ్మ. పండగ వారంలో ముసలోళ్లకూ దిక్కులేనోళ్లకూ పెట్టేదానికి. పోయిన ఏడాది పెట్టినారు, అంతకు ముందూ పెట్టినారు. ఈ ఏడాది వానల్లేవు. ఈ ఏడే అవసరం.

ఈ ఏడే దోచినాడు.

డిసెంబర్ 9

మిల్లు. శెనక్కాయల దుమ్ము ముక్కుల్లో, చెవుల్లో. మూటలు కుడతాండా, దబ్బనం వేలికి దిగింది. మేస్త్రీ — "ఏం లీడరూ, మనసులో ఎవుర్ని పొడస్తాండావు? మూటను పొడువు, దానికి కూలిస్తా."

డిసెంబర్ 10

దొంగ చేతికి తాళం ఇచ్చిందెవరు? అదీ రాయాల.

మా చర్చి ఉపదేశి జకరయ్య. పోయిన ఎండాకాలం మొదట్లో చర్చి అటక మీద ఎలుకలు పడినాయి. "ఎలుకలకు పెట్టేదానికన్నా రెడ్డి పాతరలో పోద్దాం అమ్మా సారమ్మా. ఊర్లో పాతర లేనోళ్లందరూ ఆయప్ప పాతరలోనే పోసుకుంటాండారు గదా" అన్నాడు మా అమ్మతో. నిజమే. అది మా దిక్కు ఆచారమే. మాట మీద పోస్తారు, మాట మీద తీసుకుంటారు. కాగితం అడిగితే అవమానం. అమ్మ, ఇంకో నలుగురు ఆడోళ్లు గంపలు నెత్తిన పెట్టుకొని పోయి పోసి వచ్చినారు. పాతర నిండవచ్చింది అప్పటికి. నడిమిన, పైపైన పడినాయి మావి. రెడ్డి దగ్గరుండి పోయించుకున్నాడంట. "దేవుని సొమ్ము. నా పాతరకు పుణ్యం" అన్నాడంట.

గోడకు ఆనలేదు మావి. ఆనలేదు! నడిమిన పడినాయి.

పుస్తకాల్లో చదివినా — దోపిడీ ఎప్పుడూ కత్తితో రాదు, ఆచారం మీద నడిచి వస్తుంది అని. చదివేటప్పుడు తల ఊపినా. అర్థం ఇప్పుడైంది.

డిసెంబర్ 11

కరపత్రం రాద్దామని కూర్చున్నా. 'సోదరులారా' అని మొదలుపెట్టినా. సోదరులకు చదువు రాదు. చింపినా.

డిసెంబర్ 13

సెలవు అడిగినా. "మీ పండగ ఇరవై ఐదుకు గదా, ఇప్పట్నుంచే కేకు నములుతావా?" — మేస్త్రీ. "అమ్మకు బాగలేదు" అన్నా. అబద్ధం. నోట్లోంచి వచ్చినంక భయమైంది... అనకుండా ఉండాల్సింది.

డిసెంబర్ 14, శనివారం. ఊరు.

జమ్మలమడుగు దాకా బస్సు, ఆడనుంచి నడక. ఏట్లో నీళ్లు లేవు, ఇసక మీద నడిచి వచ్చినా.

చర్చిలోకి పోకముందే తెలిసింది. కంపు. ప్రార్థన చేసే చోట ఆరు మూటలు. గోడకు యేసయ్య పటం, పటం కింద మూటలు. అమ్మ ఒకతే కూర్చోని చేటలో చెరుగుతాంది. నల్లవి ఏరి పక్కకు. గడ్డలు చేత్తో నలుపుతాంది. పక్కన గుట్ట — పారబోసేవి. చేటలో మిగిలేవి తక్కువ, గుట్ట ఎక్కువ.

"ఏం చేస్తాండావు మా?"

"కండ్లు లేవా?"

"ఇవి మనవి కాదు."

"పాతరలో కలిసినంక మనదేది, ఆయప్పదేది. కడిగి ఎండేస్తే కొంచిమన్నా పనికొస్తాయి. అవ్వోళ్లకు గంజి కాద్దామని కొంచెం తిరగలితో విసిరి కూడా పెట్టినా. నువ్వు కూర్చో, చెయ్యి ఆడించు."

కూర్చోలేదు. ఒక గింజ నోట్లో వేసుకున్నా. ఉమిసినా. నాలుక మీద మన్ను, బూజు.

"ఉమిస్తే పోతాదా?" అంది, తల ఎత్తకుండా.

డిసెంబర్ 15, ఆదివారం

వరసగా రాస్తా. ఒక్క మాట తప్పకూడదు.

ఆరాధన అయింది. చర్చి ముందర కుర్చీ వేసినారు. మాకు ఏనాడూ లేని కుర్చీ — బడి నుంచి తెచ్చింది. ఓబులరెడ్డి వచ్చి కూర్చున్నాడు. చేమంతి దండ! వేసింది ఉపదేశి. దండ వేసి కండ్లు మూసి ప్రార్థన — "ప్రభువా, కరువు కాలంలో ఆరు మూటల జొన్నలు దానం చేసిన ఈ దాతను, ఈయన పిల్లా మేకను..."

దానం.

మా జొన్నలకు మేము ఆమెన్ చెప్పాల.

చెప్పినారు. అందరూ చెప్పినారు. అందరి గొంతులూ ఒకే తీరుగా, అలవాటుగా.

లేచినా. "ఇవి గోడ జొన్నలు. మేం పోసింది నడిమిన. మా జొన్నలు పులివెందుల బండ్లెక్కినాయి." ఇంకా ఏమేమో అన్నా... శ్రమ, కూలి, దోపిడీ. ఆ మాటలు నోటికొచ్చినాయి గానీ ఎవరి చెవికీ పోయినట్టు లేదు. ఎవరూ తల తిప్పలేదు నా దిక్కు. రెడ్డి ఒక్కడే చూసినాడు. కోపం లేదు వాని మొగంలో. అదే కాలింది నాకు. కోడిపెట్ట అరిస్తే చూసినట్టు చూసినాడు.

"ఎవుర్రా చెప్పింది బండ్లెక్కినాయని?"

మస్తాన్ మామ పేరు గొంతు దాకా వచ్చింది. మింగినా. వాడు కాచుకున్నాడు ఆ పేరు కోసం. రాలేదని నవ్వినాడు.

"సరే. నువ్వు పొద్దుటూర్లో చదువుకున్నోనివి, నాకేం తెలుసు, నేను మంటి మనిషిని. జొన్న సంగతి ఆడోళ్లకు తెలుసు." అమ్మ దిక్కు తిరిగినాడు. "సారమ్మా, కుండలు ఎత్తింది నువ్వే గదా. నీ కొడుకు బాగలేవంటాండాడు. ఈడనే పొయ్యి పెట్టు. వండు. తిని చెప్పు. నువ్వు బాగలేవంటే ఆరు మూటలూ ఇప్పుడే తిరగ తీసుకపోతా, నాకు గొడ్లుండాయి."

తర్వాత మెల్లగా, పక్కనున్నోళ్లకు చెప్పినట్టు — "శనగ చేను కలుపుకు రేపు ఎంత మంది కావాలో గూడా అప్పుడే చెప్తా."

అదీ మాట. దాని కోసమే వచ్చినాడు కుర్చీ ఎక్కి.

అమ్మ లేచింది. ఎవరో మూడు రాళ్లు పెట్టినారు. ఎవరు? చూడలేదు, చూసింటే వాళ్లను గూడా రాసిందును. విసిరి పెట్టిన పిండి ఉండనే ఉండాది. ఎసరు కాగినంతసేపూ ఊరు ఊరంతా నిలబడి చూసింది. పెండ్లి కాడ నిలబడినట్టు. ఒక్క పిల్లోడు ఏడిస్తే వాళ్లమ్మ నోరు మూసింది. పిండి పోసి తెడ్డుతో గెలికింది. ఆ వాసన... ఆవిరితో పైకి లేచినంక అందరి ముక్కులకూ తగిలింది. ఉపదేశి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. రెడ్డి పెట్టుకోలేదు.

ముద్ద చేసింది. కారం లేదు, ఉప్పు లేదు. తినింది. రెడ్డి మొగం చూస్తా తినింది. నా దిక్కు ఒక్కసారి చూడలేదు.

"బాగుండాయి సామీ."

"గట్టిగా చెప్పు మే, నీ కొడుక్కి వినపడాల."

"బాగుండాయి సామీ. తినచ్చు."

రెడ్డి లేచినాడు. దండ తీసి కుర్చీకి తగిలించినాడు. పోతా పోతా నా భుజం తట్టినాడు — తట్టినాడు! "తల్లికి తియ్యగుండే కూడు కొడుక్కి చేదయితే లోపం కూట్లో ఉండదప్పా, నాలుకలో ఉంటాది."

నవ్వినారు. మావాళ్లే. కొందరు.

డిసెంబర్ 16

ఇంటి వెనక అమ్మ వాంతి చేసుకుంది. మూడుసార్లు. నీళ్లిస్తే చెంబు పట్టుకుంది, చెయ్యి తోసేసింది.

అమ్మకు బాగలేదు. మేస్త్రీకి చెప్పింది అబద్ధం కాకుండా పోయింది.

డిసెంబర్ 16, సాయంత్రం

రెడ్డి కలుపుకు అందర్నీ పిలిచినాడు. అమ్మను తప్ప. అదొక తమాషా వానికి.

బాయి కాడ ఆడోళ్లు. నేను బిందె ముంచుతాంటే —

"పొద్దుటూరు లీడరొచ్చినాడు మే, కొంగులు పట్టండి, బువ్వ పోస్తాడు."

"యాడ పోస్తాడు, వాళ్లమ్మతో మన్ను తినిపించినోడు."

"కొడుకును కంటే ఇట్లాంటోన్ని కనాల, అప్పుడు శత్రువులు అక్కర్లే."

బిందె నింపుకొని వచ్చినా. మూడో మాట నిజం.

డిసెంబర్ 17

అడిగినా. ఎందుకు చెప్పినావు మా బాగుండాయని?

పొయ్యిలో పుల్ల కెలికింది. "ఆరు మూటల్లో మూడు మూటలు పారబోసినా, మూడు మూటలు కడుక్కొని తినచ్చురా. బాగలేవంటే ఆరూ పోతాయి. చేన్లో పని పోతాది. చెమ్మ జొన్నలు కడుపునొప్పి, జొన్నలు లేకుంటే సావు. ఇందులో నీ పుస్తకాలు ఏం చేస్తాయి?"

"నిజం చెప్పాల గదా."

"నిజం నువ్వు చెప్పినావు. పల్లెకు కూడు నేను చెప్పినా. ఇద్దరం చెప్పుకున్నాం, ఇంక పండుకో."

నాయన ఉన్నింటే ఎవరి పక్క నిలబడేటోడో. తెలియదు. ఆయన ఎవరితోనూ మాట్లాడని మనిషి.

డిసెంబర్ 18, పులివెందుల

బస్సు. తలనొప్పి. నా దగ్గర ఒక్క మాట తప్ప రుజువు లేదు, రుజువు కావాల. మస్తాన్ మామ సంతలో ఉంటాడని తెలుసు.

బండి కింద పండుకొని ఉన్నాడు, కాలు మీద కాలు. "రారా, చేదు నాలుక." ఆ మాట పులివెందుల దాకా వచ్చేసింది! మూడు దినాల్లో. దానికి బండి కూడా అక్కర్లేదు.

"మామా, ఊరికొచ్చి సాక్ష్యం చెప్పు."

"చెప్తా. చెప్పినంక రెడ్డి నాకు బాడుగ ఇయ్యడు. మా ఎద్దులకు మేత నువ్వు మోసుకొస్తావా పొద్దుటూరు నుంచి? నెత్తిన పెట్టుకొని?" నవ్వు. తర్వాత నవ్వకుండా — "నాకూ తెలుసురా అవి మీవని. ఎత్తేటప్పుడే తెలుసు."

"ఎట్ల?"

బండి పలకల సందుల్లో వేలు పెట్టి గింజలు గెలికి తీసినాడు. కొన్ని ఇరుసు కాడ, కొన్ని పలకల మీది వెదురు జల్లకు అంటుకొని. తువ్వాలు మీద పోసినాడు. పిడికెడు కూడా లేవు.

మూడు రంగులు. తెల్లవి, పచ్చవి, ఎర్రవి.

ఒక్క చూపుకే తెలిసింది. ఓబులరెడ్డి చేన్లో గానీ, ఆ పాతరలో పోసుకునే మిగిలిన రైతుల చేన్లలో గానీ తెల్ల జొన్న తప్ప ఇంకొకటి పండదు. మూడు రంగులూ ఒకచోట చేరేది మా దేవుని కుండలోనే. ఒకామె ఒకరి కల్లంలో కూలికి పోతాది, ఇంకొకామె ఏరు దాటి పోతాది. ఎవరు ఏది కొలిస్తే అది తెస్తారు, అన్నీ కుండలో కలుస్తాయి. చిన్నప్పుడు అమ్మ కొంగు పట్టుకొని కుండలెత్తను పోయేటప్పుడు ఎర్రవి ఏరుకొని జేబులో పోసుకునేటోన్ని. చెంప మీద ఒకటి తగిలేది — "దేవునివి రా అవి."

చర్చిలో ఉన్న ఆరు మూటలు? మొత్తం తెల్లవి. నల్లబడిన తెల్లవి. ఒక్క ఎర్రది లేదు. నా కండ్లతో చూసి కూడా చూడలేదు నేను! అమ్మ చూసే ఉంటాది... చెరిగింది గదా. అన్ని మూటలూ చెరిగింది.

మామ తువ్వాలు ముడేసి ఇచ్చినాడు. "తీసుకపో. నాకు ఎద్దులుండాయి గాబట్టి చెప్పలేను. గింజలకు ఎద్దులు లేవు, అవి చెప్తాయి."

టీ ఇప్పించినాడు. తాగలేకపోయినా. తాగినా.

డిసెంబర్ 19

మిల్లులో పని పాయె. మేస్త్రీ ఇంకొకన్ని పెట్టినాడు. "కేకు బాగుందా?" అన్నాడు. కొట్టేదానికి చెయ్యి లేచింది. జేబులో ముడి తగిలి దిగింది.

డిసెంబర్ 20, ఊరు

ఉపదేశికి చూపించినా. చర్చిలో తోరణాలు కడతాండాడు — రంగు కాగితాలు, నక్షత్రం. స్టూలు దిగలేదు. పైనుంచే చూసినాడు గింజల్ని.

"తెలుసు నాయనా."

తెలుసంట!

"పండగ ముందర గొడవ వద్దు. రెడ్డి చర్చికి రేకులిస్తానన్నాడు. వానకాలం వస్తే ఈ కప్పు కింద మనం ప్రార్థన ఎట్లా చేసేది?"

"వానలే లేవు గదయ్యా."

"వస్తాయి. విశ్వాసం ఉండాల."

జిగురు చెయ్యి తుడుచుకొని నక్షత్రం నా చేతికిచ్చినాడు, పట్టుకొమ్మని. పట్టుకున్నా. ఎందుకు పట్టుకున్నానో తెలీదు. ఆయన నాకు అక్షరాలు నేర్పినాడు. 'అ' ఆయన చేతి కిందే రాసినా. ఈ పేజీలు గూడా ఆయన ఇచ్చిన అక్షరాలే. అది ఇంకా కోపం.

డిసెంబర్ 21

అమ్మకు ముడి ఇప్పి చూపించినా. వంగి చూసింది. ఒక ఎర్ర గింజ తీసి పంటి కింద కొరికింది. టక్కుమంది — ఎండిన గింజ, మంచి గింజ. నమిలి మింగింది.

"నీకు తెలుసా మా?"

మిగిలినవి తన కొంగుకు ముడేసుకుంది. నాకు తిరిగి ఇయ్యలేదు.

డిసెంబర్ 22, ఆదివారం

పంచినారు.

రెడ్డి రాలేదు, వాని జీతగాడు వచ్చినాడు పడి పట్టుకొని. కొలిచేది వాడే. వరస. కొలిచే ముందర ప్రతి మనిషీ చెప్పాలంట — "ఓబులరెడ్డి సల్లగుండాల." చెప్పకపోతే పడి వంగదు. ఇది రెడ్డి చెప్పినాడో, వీడే కనిపెట్టినాడో! ఆ నా కొడుకుకు గూడా ఇంట్లో గోడ జొన్నలే. కానీ ఈ ఒక్క పొద్దు వాడు రెడ్డి.

గుడ్డి మాదన్న చెప్పినాడు. పసిబిడ్డ తల్లి చెప్పింది. ఒకడు గొణిగితే "వినపళ్లే" అని మళ్లీ చెప్పించినాడు. నవ్వుతా చెప్పించినాడు.

కాంతమ్మ అవ్వ వంతు. నడుం వంగిపోయిన మనిషి, ఒకతే గుడిసెలో. నన్ను చిన్నప్పుడు ఎత్తుకు తిప్పింది. దండం పెట్టి మరీ చెప్పింది, రెండుసార్లు, అడక్కుండానే — ఇంకొంచెం పడుతుందేమోనని. నాకు కండ్లు మండినాయి. "సిగ్గు లేదా అవ్వా! నీ జొన్నలే నీకు పెడతాండారు. నువ్వేసిన పిడికెడే అది!" అని అరిచినా. అందరి ముందర. తొంభై ఏండ్ల మనిషి మీద!

అవ్వ మూట నెత్తిన పెట్టుకుంటా — "సిగ్గు ఉడకదు నాయనా. జొన్నలు ఉడుకుతాయి." పోయింది.

పోతా పోతా మా అమ్మ దగ్గర ఆగింది. "కడగల్నా మే సారమ్మా, అట్లనే విసరచ్చునా?"

"బాగా కడుగవ్వా. రెండు మూడు నీళ్లు."

"నీళ్లు యాడుండాయి మే. బాయి దిగలేను. నువ్వు తిన్నావు గదా, బాగుండాయన్నావు గదా."

అమ్మ ఏమీ అనలేదు. నేను చూస్తాండా. ఏమీ అనలేదు.

డిసెంబర్ 23

కాంతమ్మ అవ్వకు బేదులు. పొద్దున గుడిసె ముందర పడిపోయి కనిపించింది. బండి కట్టి జమ్మలమడుగు ఆస్పత్రికి. అమ్మ కూడా పోయింది, తల ఒళ్లో పెట్టుకొని.

ఇంకో రెండిండ్లలోనూ పిల్లోళ్లకు కడుపునొప్పి. ఉపదేశి — "చలి గాలి, పండగ ముందర ఎప్పుడూ ఉండేదే."

సాయంత్రానికి అమ్మ నడుచుకుంటా వచ్చింది, ఒకతే. కాళ్లు కడుక్కోలేదు. గడప మీదే కూర్చుంది.

"నర్సమ్మ అడిగింది రా. ఏం తినిందీ అని. జొన్న సంగటి అన్నా. ఎట్లాంటి జొన్నలు అనింది."

"ఏం చెప్పినావు?"

"నోరు రాలే." చేతులు చూసుకుంది. "నేను బాగుండాయంటేనే గదా తినింది అవ్వ. రెడ్డి చెప్పినాడని కాదు. నేను చెప్పినానని."

నేను లేవకుండా ఉన్నింటే అమ్మతో తినిపించేవాడు కాదు. అమ్మ తినకుండా ఉన్నింటే ఆ మాట ఉండేది కాదు. ఈ లెక్క ఎటు తిప్పినా నా దగ్గరికీ వస్తాంది. రానీ. రెడ్డి మీద నుంచి మాత్రం పోనీను.

డిసెంబర్ 24, మంగళవారం. పొద్దున.

ఆస్పత్రి నుంచి కబురు లేదు. మంచిదో చెడ్డదో తెలీదు.

ఇల్లిల్లూ తిరిగినా. 'సోదరులారా' అనలేదు. దోపిడీ అనలేదు. గింజలు అమ్మ కొంగులో ఉండాయి, నా చేతులు వట్టివి. మాట ఒక్కటే — రెడ్డి ఇంటి ముందరికి రండి. కొందరు తలుపు తియ్యలేదు. ఒకామె — "పండగ పూట మా మొగోన్ని జైల్లో ఏయిస్తావా?" ఒకడు — "చేన్లో పని ఎత్తేస్తే నీ పొద్దుటూరు మిల్లులో పెట్టిస్తావా?" నాకే పని పోయిందని చెప్పినా. నవ్వినాడు. ఆ నవ్వులో చెడ్డ లేదు. వస్తానని మాత్రం అనలేదు.

డిసెంబర్ 24, మధ్యాహ్నం

ఇంటికొచ్చేసరికి పొయ్యి మీద పెద్ద కుండ. పండగ కుండ కాదు. చర్చిలో అమ్మ పారబోసిన గుట్ట ఉండాది గదా — నల్లవి, గడ్డలు — అవి తెచ్చింది. విసరతాంది. ఇండ్లన్నీ పిండి వంటల కోసం విసిరే దినం. తిరగలి చప్పుడు ఒకటే, వాసన వేరే.

"ఏంది మా ఇది?"

"వండి తిని చెప్పమన్నాడు గదా." తిరగలి ఆపలేదు. "నేను వండినా, తిన్నా, చెప్పినా. ఈసారి వండేది నేనే. తిని చెప్పేది ఆయప్ప."

"తినకపోతే?"

"తినకపోతే అదే చెప్పినట్టు."

కొంగు ముడి ఇప్పి మూడు రంగుల గింజలు గడప మీద పోసింది, పోయే వచ్చేటోళ్లకు కనపడేట్టు. బాయి నుంచి బిందెతో వస్తాన్న ఆమె ఆగి చూసింది. నన్ను శత్రువు అన్నది ఈమే. వంగి ఒక ఎర్రది తీసుకొని చూసింది. "ఇది మా ఏటవతల కూలిది" అనింది. ఎవరితోనూ అనలేదు, గింజతో అన్నట్టు. పోయింది. తలుపు మూయలేదు వాళ్లింట్లో, చూసినా.

"ఎన్ని గంటలకన్నావురా అందరితో?" — అమ్మ.

ఆరు గంటలకన్నా మా. రేపు పొద్దున ఆరు గంటలకు. చర్చి గంట కొట్టక ముందర, ఆరాధనకు పోక ముందర.

అదే ఈడ రాస్తాండా. ఎవరు చదివినా సరే, చదవకపోయినా సరే. దేవుని కుండలో పిడికెడు వేసిన ప్రతి ఆడమనిషీ. పడి ముందర దండం పెట్టిన ప్రతి ముసలామె. చేను పోతుందని భయపడేటోళ్లు భయపడుతానే రండి, భయం ఇంట్లో పెట్టి రమ్మనటం లేదు. ఇంటికొక ముద్ద, గోడ జొన్నల ముద్ద. ఆకులో పెట్టుకొని. రేపు పొద్దున ఆరు గంటలకు ఓబులరెడ్డి అరుగు ముందర. కుర్చీ మనమే వేద్దాం.